సెలవు కాగితంలో ఒక గడి

సెలవు కాగితంలో తేదీకి మూడు గడులు.
పెన్సిల్‌తో రాశాను: బుధవారం.
పక్కన, చీమంత అక్షరాలతో:
నెలవంక మంగళవారం కనిపిస్తేనే.

వదీమ్ ఆ కాగితాన్ని లైటు కింద పట్టుకుని చూశాడు
దొంగనోటు చూసినట్టు.
"మందుల గోదాం ఇది," అన్నాడు,
"ఇన్సులిన్ నీ చంద్రుడి కోసం ఆగదు.
బుధవారమా, గురువారమా?"

ఏం చెప్పను?
బ్యాంకు వాళ్లిచ్చిన క్యాలెండర్లో పండగ ఎప్పుడో అచ్చయింది,
ఎర్ర సిరాతో, వచ్చే పదేళ్లకీ తెలుసు వాళ్లకి.
మాకే, రమ్లాలో మిగిలిన ఈ కొన్ని ఇళ్లకే,
రేపేమిటో ఇవాళ సాయంత్రం దాకా తెలీదు.

పోయిన వారం మా మేనమామ కొడుకు మన్సూర్
నెగెవ్ దాకా కారేసుకుని వెళ్లి
బార్లీ కంకులు తెచ్చాడు.
గోటితో నొక్కితే పాలు రాలేదు, పిండిలా నలిగింది.
అధికమాసం అక్కర్లేదని తేలిపోయింది.
ఆ కంకులు ఇంకా మా ఫ్రిజ్‌లోనే,
ఊరగాయ సీసాకీ టమాటా సాస్‌కీ మధ్య,
ఒక సంవత్సరం ఎక్కడ మొదలవుతుందో చెప్పేసి
ఇక పనేమీ లేనట్టు.

మంగళవారం. మేడ మీద నలుగురం.
నాన్న, నేను, యెఫెత్, వాడి చేతిలో కరుగుతున్న ఐస్‌ఫ్రూట్.
నాలుగోది నాన్న కుర్చీ.
కైరోలో వాళ్ల నాన్న కూర్చున్నదట, నాన్న నిలబడేదే ఎక్కువ.
పడమట సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం,
దాని వెనక ఎక్కడో సముద్రం,
పైన వరసగా దిగుతున్న విమానాలు.
ఒక్కోటీ చూసి యెఫెత్ అరుస్తాడు, "అదిగో!"

నాన్న కళ్లలో శుక్లాలు.
డాక్టరు పండగయ్యాక అన్నాడు.
ఏ పండగ, ఎవరి లెక్క ప్రకారం, అని నాన్న అడిగాడు.
అయినా రెండంతస్తులెక్కాడు,
టోపీ సర్దుకున్నాడు,
ముఖం సరిగ్గా పడమటికే తిప్పాడు
పొద్దుతిరుగుడు పువ్వు ముసలిదైతే అలాగే ఉంటుందేమో.
"కనిపించిందా?"

సూర్యుడు పోయి పావుగంట.
ఆకాశం ఉడికించిన బీట్‌రూట్ నీళ్ల రంగు.
పొగ మీద ఒక గీత ఉంది, లేదు.
నా కళ్లలోని నలకేమో.
ఊ అంటే చాలు.
బుధవారం బుధవారమే అవుతుంది,
వదీమ్ ముఖం చూడక్కర్లేదు,
బడికి చీటీ ఒక రోజు తక్కువ రాయొచ్చు.
ఒక్క ఊ. ఎవరు పట్టుకుంటారు?
నాన్న వేళ్లు నా మోచేతిని పట్టుకున్నాయి, అంతే,
తూగి పడకుండా.

"లేదు," అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. కుర్చీ మడిచాడు.

మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది.
వదీమ్ రాశాడు:
"గోదాం వెనక సిగరెట్ తాగుతుంటే కనిపించింది.
గోరు కత్తిరించి పారేసినంత. ఇదేనా నీది?"

నాన్నకి చదివి వినిపించాను.
మెట్టు మీదే ఆగిపోయాడు.
"ఎవరతను?"
మా సూపర్‌వైజర్.
"నీ సెలవు మారితే అతనికేం నష్టం?"
డ్యూటీలన్నీ మళ్లీ వేసుకోవాలి.
నాన్న నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"అయితే సాక్ష్యం చెల్లదు. లాభమున్నవాడు."
తర్వాత, ఇంకో మెట్టు దిగి,
"ఎటువైపు కొమ్ములున్నాయో అడుగు."

అడిగాను.
జవాబు రాలేదు చాలాసేపు.
బయటికి వెళ్లి మళ్లీ చూస్తున్నాడేమో.
యెఫెత్ అప్పటికే పైకి పరుగెత్తాడు,
ఐస్‌ఫ్రూట్ పుల్ల మెట్ల మీద పారేసి.
నాన్న కుర్చీ మళ్లీ విప్పమన్నాడు.